కోట్లు తీసుకునే ఆటగాళ్లకు యూనియన్ ఎందుకు? ఎన్‌బీఏ లాకౌట్ల వెనక అసలు తగువు ఎవరిది?

ప్రశ్న: “ఏడాదికి కోట్ల డాలర్లు తీసుకునే ఎన్‌బీఏ ఆటగాళ్లకు యూనియన్ ఏమిటి? 1998లో, 2011లో సమ్మె చేసి సీజన్లు పాడుచేసింది వాళ్లే కదా? మళ్లీ అలాంటిది వస్తుందా?”

మీ ప్రశ్నలో రెండో వాక్యంతో మొదలుపెడతాను. మిగతా అపోహలన్నీ అక్కణ్ణుంచే పుడుతున్నాయి.

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో 1998లోగానీ 2011లోగానీ ఆటగాళ్లు సమ్మె చెయ్యలేదండి. రెండుసార్లూ జరిగింది లాకౌట్, అంటే యాజమాన్యమే పని ఆపెయ్యడం. ఆటగాళ్ల సంఘంతో ఉన్న పాత ఒప్పందం ముగిసిన మర్నాడే, జూలై 1న, జట్ల ఓనర్లు తలుపులకు తాళాలు వేశారు. ఆటగాళ్లు జట్టు జిమ్ములో అడుగుపెట్టకూడదు, కోచ్‌తో మాట్లాడకూడదు. ట్రేడ్‌లు (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) లేవు, కొత్త కాంట్రాక్టులు లేవు. సీజన్ మొదలవ్వాల్సిన రోజు దాటాక జీతాలూ లేవు. ఇలా 1998-99లో 464 మ్యాచ్‌లు, 2011-12లో 240 మ్యాచ్‌లు పోయాయి. జీతాల తగువులో ఆటగాళ్లు సమ్మె చేసి రద్దు చేయించిన లీగ్ మ్యాచ్ ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. 2020 ఆగస్టు 26న మిల్వాకీ బక్స్ ఆటగాళ్లు ప్లేఆఫ్ మ్యాచ్‌కు బయటికి రాలేదు, నిజమే. కానీ అది జేకబ్ బ్లేక్ అనే నల్లజాతీయుడి మీద పోలీసులు జరిపిన కాల్పులకు నిరసన. వాయిదా పడ్డ ఆ మ్యాచ్‌లు తర్వాత ఆడేశారు కూడా.

అమెరికాలో కార్మిక ఒప్పందాల లెక్కలు చూసే పనిలో చాలాకాలం ఉన్నాను. ఒక్కోసారి యూనియన్ పక్కన, ఒక్కోసారి యాజమాన్యం పక్కన కూర్చున్నాను. బాస్కెట్‌బాల్ ఒప్పందాలు మాత్రం వృత్తి కోసం చదవలేదు, ఆట మీద ఇష్టంతో చదివాను. చదివేకొద్దీ ఒక అభిప్రాయం బలపడింది. ఎన్‌బీఏలో ఓనర్ల అసలు తగువు ఆటగాళ్లతో కాదు, సాటి ఓనర్లతో. లాస్ ఏంజెలస్, న్యూయార్క్ జట్ల డబ్బుతో పోటీపడలేని ఓనర్లు, ఆ పెద్ద జట్లను నేరుగా అడిగి వాటా తెచ్చుకోలేక, జీతాల మీద కొత్త కట్టుబాట్లు తెస్తారు. అన్నదమ్ముల వాటాల గొడవకు పాలేరు జీతం కోసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1954లో బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బాబ్ కూజీ ఒక్కో జట్టులో ఒక పేరున్న ఆటగాడికి ఉత్తరం రాసి సంఘం పెట్టాడు. అమెరికా పెద్ద లీగుల్లో నిలదొక్కుకున్న ఆటగాళ్ల సంఘాల్లో ఇదే మొదటిది. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ నుంచి మాత్రం జవాబు రాలేదు. ఆ జట్టు ఓనర్ ఫ్రెడ్ జోల్నర్‌ది పిస్టన్ల ఫ్యాక్టరీ, ఆయనకు యూనియన్ మాటే గిట్టదు. లీగ్ మూడేళ్లు సంఘాన్ని పట్టించుకోలేదు. పెద్ద కార్మిక సమాఖ్యలో చేరతామని కూజీ బెదిరించాకే, 1957లో, గుర్తించింది. అప్పుడు సాధించుకున్నవి చూడండి: ప్రయాణాల్లో తిండి ఖర్చుకు రోజుకు 7 డాలర్లు, మ్యాచ్ మధ్యలో రిఫరీలు ఆటగాళ్లకు గుట్టుగా వేసే 15 డాలర్ల జరిమానా రద్దు. కోట్ల సంగతి తర్వాత. ఆ రోజుల్లో చాలామంది ఎండాకాలం వేరే ఉద్యోగం చేసుకునేవాళ్లు. కూజీ తర్వాత సంఘం అధ్యక్షుడైన టామీ హైన్సన్ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడు.

1964 జనవరి 14న బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే మ్యాచ్. బయట మంచు తుఫాను. రాత్రి ప్రైమ్‌టైంలో జాతీయ టీవీలో చూపించడం అప్పటికి కొత్త. పెన్షన్ పథకం ఇస్తామని ఏళ్ల తరబడి నానుస్తున్న ఓనర్ల మీద ఆటగాళ్లకు నమ్మకం పోయింది. లీగ్ అధిపతి అయిన కమిషనర్ మాట ఇచ్చేదాకా బయటికి రామని డ్రెస్సింగ్ రూంలో కూర్చున్నారు. లోపలున్నది 20 మంది: బిల్ రసెల్, విల్ట్ చాంబర్లేన్, ఆస్కార్ రాబర్ట్‌సన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ లాంటివాళ్లు. లేకర్స్ ఓనర్ బాబ్ షార్ట్, బేలర్, వెస్ట్ వెంటనే బయటికి రాకపోతే వాళ్ల పని అయిపోయినట్టేనని కబురు పంపాడు. ఆ బెదిరింపుతో ఊగిసలాడుతున్నవాళ్లు కూడా గట్టిపడ్డారు. చివరికి కమిషనర్ వాల్టర్ కెనడీ పెన్షన్‌కు హామీ ఇచ్చాడు, మ్యాచ్ కాస్త ఆలస్యంగా మొదలైంది. ఆటగాళ్లకు అంత బలం మళ్లీ ఎప్పుడూ రాలేదని నా అభిప్రాయం. టీవీ కెమెరాలు సిద్ధం, జనం కుర్చీల్లో సిద్ధం, గడియారం ఓనర్ల మీద పరిగెడుతోంది. లాకౌట్‌లో ఆ గడియారం ఆటగాళ్ల మీద పరిగెడుతుంది. ఓనర్లు ఎండాకాలం మధ్యలో, ఆట లేని నెలల్లో తాళం వెయ్యడానికి కారణం అదే.

తర్వాత ఆస్కార్ రాబర్ట్‌సన్ కేసు. సంఘం అధ్యక్షుడిగా ఆయన పేరుతో 1970లో వేశారు. అప్పటిదాకా జట్టు తన ఆటగాడిని కాంట్రాక్టు అయిపోయాక కూడా పట్టి ఉంచుకోవచ్చు, ఇంకో జట్టుకు వెళ్లనివ్వకపోవచ్చు. ఎన్‌బీఏకు పోటీగా ఏబీఏ అనే ఇంకో లీగ్ ఉన్నంతకాలం ఆటగాళ్లకు బేరమాడే దారి ఉండేది. ఆ రెండు లీగులూ కలిసిపోదామనుకున్నప్పుడు రాబర్ట్‌సన్ అడ్డం పడ్డాడు. 1976లో రాజీ కుదిరాకే విలీనం జరిగింది, ఆ జీవితాంతపు కట్టు తెగింది. అయినా పూర్తి స్వేచ్ఛ 1988లో గానీ రాలేదు. ఏ అడ్డూ లేకుండా జట్టు మారిన మొదటి ఆటగాడు టామ్ చాంబర్స్, సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కు.

ఇక అసలు ముడి. 1983లో లీగ్ పరిస్థితి బాగాలేదు, చాలా జట్లు నష్టాల్లో ఉన్నాయి. అప్పుడు కుదిరిన ఒప్పందంలో శాలరీ క్యాప్ వచ్చింది: ఒక జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి. బదులుగా లీగ్ స్థూల ఆదాయంలో 53 శాతం ఆటగాళ్లకు హామీ. 1984-85లో ఆ పరిమితి 36 లక్షల డాలర్లు. దీన్ని నేను మంచి ఒప్పందమే అంటాను. ఆటగాళ్లు జీతం తీసుకునేవాళ్ల నుంచి వాటాదార్లయ్యారు, ఓనర్లు లెక్కల పుస్తకాలు తెరవాల్సి వచ్చింది. సంఘం తరఫున లారీ ఫ్లైషర్, లీగ్ తరఫున అప్పటికింకా కమిషనర్ కాని డేవిడ్ స్టెర్న్ దాన్ని నడిపించారు.

కానీ క్యాప్ ఎవరి చేతులు కడుతోందో గమనించండి. ఏ ఆటగాడూ ఓనర్ తలకు తుపాకీ పెట్టి కాంట్రాక్టు రాయించుకోడు. క్యాప్ అంటే ఓనర్లు తమను తాము ఆపుకోలేక పెట్టుకున్న కట్టు. కట్టిన మరుక్షణం నుంచే సందులు కూడా వాళ్లే వెతికారు. సొంత ఆటగాడిని నిలబెట్టుకోవడానికి క్యాప్ దాటొచ్చన్న మినహాయింపుకు బోస్టన్ తార లారీ బర్డ్ పేరే పడింది. 1997-98లో ఒక జట్టు మొత్తానికి క్యాప్ 2.69 కోట్ల డాలర్లు. షికాగో బుల్స్ ఆ ఏడాది మైకేల్ జోర్డన్ ఒక్కడికే 3.3 కోట్లు ఇచ్చింది. 1997లో మిన్నెసోటా జట్టు 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌కు ఆరేళ్లకు 12.6 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఆ ఓనర్ గ్లెన్ టేలర్ అంతకు కొన్నేళ్ల ముందు మొత్తం జట్టును కొన్నది 9 కోట్ల లోపు ధరకే.

ఆ కాంట్రాక్టు చూసి మిగతా ఓనర్లు హడలిపోయారు. 1998 మార్చిలో 27-2 ఓట్లతో ఒప్పందాన్ని తిరగదోడారు. జూలైలో తాళం. సంఘం అధ్యక్షుడు పాట్రిక్ యూయింగ్, పరిపాలన బిల్లీ హంటర్‌ది. గ్యారంటీ కాంట్రాక్టులున్న ఆటగాళ్లకు లాకౌట్‌లో కూడా జీతం ఇవ్వాలా అన్న ప్రశ్న మధ్యవర్తి జాన్ ఫీరిక్ దగ్గరికి వెళితే, అక్టోబర్‌లో ఆయన అక్కర్లేదన్నాడు. అక్కడ ఆటగాళ్ల నడుం విరిగింది. ఒప్పందం 1999 జనవరి 6న కుదిరింది. మర్నాడు ఓనర్ల సమావేశం, అందులో సీజన్ మొత్తం రద్దు చేసే ఆలోచన కూడా ఉంది. ఫిబ్రవరి 5న మొదలైన సీజన్‌లో జట్టుకు 50 మ్యాచ్‌లు. మూడు రాత్రులు వరసగా మూడు మ్యాచ్‌లు ఆడిన సందర్భాలున్నాయి, ఆట నాణ్యత కళ్లకు కట్టినట్టు పడిపోయింది.

ఆ ఒప్పందంతో మొదటిసారి ఒక్కో ఆటగాడికి గరిష్ఠ జీతం వచ్చింది. అనుభవాన్ని బట్టి 90 లక్షలు, 1.1 కోట్లు, 1.4 కోట్ల డాలర్లు లేదా క్యాప్‌లో 25, 30, 35 శాతం. జీతాల మొత్తం వాటా దాటితే తిరిగి లాక్కోవడానికి ఒక భాగం పక్కన పెట్టే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. మధ్యస్థాయి ఆటగాళ్ల కోసం కొత్త మినహాయింపు పెట్టారు. అంటే అగ్రతారల నుంచి తీసి కొంత మధ్యవాళ్లకు ఇచ్చారు. చాలామంది దీన్ని ఆటగాళ్ల ఓటమిగానే చూస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. 400 మందికి పైగా సభ్యులున్న సంఘంలో పదిమంది తారల కోసం మిగతావాళ్లు ఎంతకాలం ఆకలిగా ఉంటారు? ఎన్‌బీఏ ఆటగాడి కెరీర్ సగటున అయిదేళ్ల లోపే. అందులో ఒక ఏడాది పోవడమంటే జీవితకాల సంపాదనలో అయిదో వంతు పోవడం. ఓనర్‌కు అది ఒక చెడ్డ సంవత్సరం మాత్రమే.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే. అమెరికాలో పోటీ కంపెనీలన్నీ కూడబలుక్కుని జీతాలు అదుపు చేస్తే చట్టవిరుద్ధం. ఇది మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన విషయమే. ఒకరి ఇంజినీర్లను ఒకరు పిలవకూడదని లోపాయికారీగా అనుకున్నందుకు ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ 2015లో 41.5 కోట్ల డాలర్లు కట్టి కేసు ముగించుకున్నాయి. మరి ఎన్‌బీఏలో 30 జట్లు కలిసి జీతాలకు పరిమితి పెడుతున్నాయి, కొత్త కుర్రాడు ఏ జట్టులో చేరాలో డ్రాఫ్ట్‌తో నిర్ణయిస్తున్నాయి, అతని మొదటి జీతం కూడా ముందే రాసిపెడుతున్నాయి. ఇదెలా చెల్లుతుంది? యూనియన్ సంతకం ఉంది కాబట్టి. యూనియన్‌తో బేరమాడి కుదుర్చుకున్నదానికి ఆ చట్టం నుంచి రక్షణ ఉంటుంది. 1996లో అమెరికన్ ఫుట్‌బాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఒప్పందం గడువు తీరాక కూడా బేరసారాల సంబంధం ఉన్నంతవరకు ఆ రక్షణ నడుస్తుందని తేల్చింది.

కాబట్టి మీరడిగిన “కోటీశ్వరులకు యూనియన్ ఎందుకు” అన్నదానికి ఒక జవాబు: అది ఓనర్లకు ఇంకా ఎక్కువ అవసరం. యూనియన్ లేనిరోజు క్యాప్ లేదు, డ్రాఫ్ట్ లేదు, గరిష్ఠ జీతం లేదు. వాటిలో ప్రతిదాన్నీ కోర్టులో నిలదీయొచ్చు, ఓడితే మూడింతల పరిహారం. అందుకే ఆటగాళ్ల ఆఖరి ఆయుధం సమ్మె కాదు, తమ సంఘాన్ని తామే రద్దు చేసుకోవడం. 1995లో జోర్డన్, యూయింగ్ లాంటివాళ్లు అదే చెయ్యాలన్నారు. ఆటగాళ్లు 226-134తో సంఘం వైపే ఓటేశారు. 2011లో మాత్రం ఆ ఆయుధం బయటికి తీశారు.

2011 మొత్తం కథలో నాకు ఎక్కువ బాధ కలిగించే ఘట్టం. అప్పటికి ఆటగాళ్ల వాటా బాస్కెట్‌బాల్ ఆదాయంలో 57 శాతం. ఓనర్లు ఏడాదికి దాదాపు 30 కోట్ల డాలర్ల నష్టం, 30 జట్లలో 22 జట్లు నష్టాల్లో ఉన్నాయన్నారు. జట్లు కొనడానికి తెచ్చిన అప్పుల వడ్డీ, కాగితం మీది తరుగుదల కూడా ఆ నష్టంలో కలిపారని సంఘం వాదించింది. నేను చూసిన బేరాల్లో కూడా యాజమాన్యం “నష్టం” అన్నప్పుడు మొదట చూడాల్సినవి ఈ రెండు పద్దులే. జట్టు కొనడానికి ఓనర్ చేసిన అప్పుకు పాయింట్ గార్డ్ ఎందుకు వడ్డీ కట్టాలి?

వేసవి గడిచింది, అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వ మధ్యవర్తి జార్జ్ కోహెన్ వచ్చి వెళ్లాడు, ఏమీ తేలలేదు. కొందరు ఆటగాళ్లు విదేశాలకు వెళ్లారు. డెరాన్ విలియమ్స్ టర్కీలో బెషిక్తాష్‌కు ఆడాడు, కెన్యన్ మార్టిన్, జే.ఆర్. స్మిత్ చైనా వెళ్లారు. నవంబర్ 14న సంఘం అధ్యక్షుడు డెరెక్ ఫిషర్, బిల్లీ హంటర్ సంఘం ఇక బేరమాడదని ప్రకటించారు, వెంటనే కోర్టుల్లో పోటీ చట్టం కేసులు పడ్డాయి. అణు శీతాకాలం మొదలవుతోందన్నాడు అప్పటికి కమిషనర్‌గా ఉన్న స్టెర్న్. పన్నెండు రోజులకే, నవంబర్ 26 తెల్లవారుజామున, ఒప్పందం కుదిరింది. ఆయుధం పనిచేసిందనే అనుకుంటాను, కానీ చాలా ఆలస్యంగా తీశారు. జూలైలోనే తీసి ఉంటే ఆ 57 నుంచి ఇంత కిందికి పడేది కాదు. అప్పటికే జీతాల రోజులు జీతం లేకుండా గడవడం మొదలైంది, మధ్యస్థాయి ఆటగాళ్ల ఓపిక అయిపోయింది.

కుదిరిన వాటా 49 నుంచి 51 శాతం మధ్య. ఆదాయం దాదాపు 400 కోట్ల డాలర్లు కాబట్టి 7 శాతం అంటే ఏడాదికి 28 కోట్లు. ఓనర్లు చెప్పిన 30 కోట్ల నష్టంతో ఈ అంకెను పోల్చి చూడండి. దాదాపు మొత్తం నష్టం ఆటగాళ్ల జేబులోంచి పూడింది.

మరి ఓనర్ల మధ్య తగువు? అదే ఏడాది ఫిబ్రవరిలో లేకర్స్ టైమ్ వార్నర్ కేబుల్‌తో 20 ఏళ్ల స్థానిక టీవీ ఒప్పందం చేసుకుంది, విలువ 300 కోట్ల డాలర్ల పైమాటేనని వార్తలు. మెంఫిస్, మిల్వాకీ లాంటి ఊళ్ల జట్లకు స్థానిక టీవీ నుంచి దానిలో చిన్న ముక్క కూడా రాదు. చిన్న జట్ల కష్టానికి ఇది మూలం. దీనికి మందు ఓనర్ల మధ్య ఆదాయ పంపకం. చివరికి 2011లో ఆ పంపకం కూడా బాగా పెంచారు, కానీ ముందు కోత పడింది ఆటగాళ్లకు. లాకౌట్ ముగిసిన రోజు, డిసెంబర్ 8న, ఏం జరిగిందో గుర్తుందా? న్యూ ఆర్లియన్స్ జట్టు క్రిస్ పాల్‌ను లేకర్స్‌కు పంపే ట్రేడ్ కుదుర్చుకుంది. ఆ జట్టు అప్పుడు లీగ్ సొత్తే. లీగ్ ఆ ట్రేడ్ ఆపేసింది. ఇది అన్యాయమైన ట్రేడ్ అంటూ క్లీవ్‌లాండ్ ఓనర్ డాన్ గిల్బర్ట్ రాసిన మెయిల్ బయటికి వచ్చింది. ఒప్పందం మీద సిరా ఆరకముందే ఓనర్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ ఒక్క రోజు చూస్తే చాలు, ఆ అయిదు నెలల తాళం ఎవరి భయం వల్ల పడిందో తెలుస్తుంది.

జోర్డన్ రెండు వైపులా నిలబడ్డ మనిషి కాబట్టి ఆయన సంగతీ చెప్పుకోవాలి. 1998లో ఒక బేరసారాల సమావేశంలో, నష్టాల గురించి మాట్లాడుతున్న వాషింగ్టన్ ఓనర్ ఏబ్ పోలిన్‌తో, లాభం రాకపోతే జట్టు అమ్మేసుకోమన్నాడు. 2010లో ఆయనే షార్లెట్ జట్టు కొన్నాడు. 2011లో ఆటగాళ్లకు తక్కువ వాటా ఇవ్వాలని పట్టుబట్టిన ఓనర్ల వర్గంలో ఆయన ఉన్నాడని అప్పటి వార్తలు. చిన్న జట్లకు ఆదాయ పంపకం కావాలని ఒక పత్రికతో మాట్లాడినందుకు లీగ్ ఆయనకు లక్ష డాలర్ల జరిమానా కూడా వేసింది. దీన్ని నేను ద్రోహంగా చూడను. కుర్చీ మారితే లెక్క మారుతుంది. కానీ ఆ తర్వాతి అంకె చూడండి. దాదాపు 27.5 కోట్ల విలువ కట్టి కొన్న జట్టును, ఆయన చేతిలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్ మొదటి రౌండ్ దాటని జట్టును, 2023లో 300 కోట్ల డాలర్ల విలువ కట్టి, అందులో మెజారిటీ వాటా అమ్మాడు.

ఓనర్ల లాభం ఏడాది లెక్కల్లో కనపడదు, అమ్మిన రోజు కనపడుతుంది. సెల్టిక్స్‌ను 2002లో 36 కోట్లకు కొన్నారు, 2025లో 610 కోట్లకు అమ్మారు. లేకర్స్‌కు అదే ఏడాది 1,000 కోట్ల డాలర్ల విలువ కట్టారు. ఈ పెరుగుదలలో ఆటగాళ్లకు ఒక్క డాలరు వాటా లేదు, ఎందుకంటే జట్టు అమ్మకం డబ్బు “బాస్కెట్‌బాల్ ఆదాయం” కిందికి రాదు. సగం-సగం పంపకం అని పేపర్లో చదివినప్పుడు ఈ విషయం మర్చిపోకండి. సగం పంచుకుంటున్నది పంటనే, పొలాన్ని కాదు.

ఈ మొత్తంలో ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్లు ఇంకొందరున్నారు: అరీనాలో టికెట్లు చింపేవాళ్లు, పాప్‌కార్న్ అమ్మేవాళ్లు, పార్కింగ్ చూసుకునేవాళ్లు, చుట్టుపక్కల చిన్న హోటళ్లు. గంటల లెక్కన జీతం. 464 మ్యాచ్‌లు పోతే వాళ్ల కూలీ పోయినట్టే, అది ఏ ఒప్పందంలోనూ తిరిగి రాలేదు. చాలా అరీనాలు ప్రజల పన్నులతో కట్టినవి. శాక్రమెంటో కొత్త అరీనాకు నగరం 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. అక్కడి జట్టు ముఖ్య ఓనర్ ముంబైలో పుట్టిన వివేక్ రణదివే. ప్రజల డబ్బుతో కట్టిన భవనానికి తాళం వేసే హక్కు ఓనర్లకు ఉండటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. నగరాలు అరీనా ఒప్పందంలోనే లాకౌట్ పరిహారం షరతు పెట్టాలి.

“యూనియన్ లేకపోతే ఏమవుతుంది” అనేవాళ్లకు మన ఐపీఎల్ కళ్లముందే ఉంది. 2025 వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్ల రూపాయలు, సన్‌రైజర్స్ హైదరాబాద్‌తో సహా పది జట్లకు 1,200 కోట్లు. 2023-27 మీడియా హక్కులు 48,390 కోట్లు, అంటే ఏడాదికి 9,600 కోట్ల పైన. మ్యాచ్ ఫీజులు కలిపినా ఆటగాళ్లకు చేరేది ఈ మీడియా డబ్బులోనే అయిదో వంతు లేదు, టికెట్లు, స్పాన్సర్లు పక్కన పెట్టినా. ఆ డబ్బులో కొంత దేశవాళీ క్రికెట్‌కు వెళుతుందన్నది నిజం, అది మంచిదే. కానీ ఎంత ఎవరికి వెళ్లాలో నిర్ణయించే బల్ల దగ్గర ప్రస్తుతం ఆడుతున్న భారత ఆటగాళ్ల తరఫున ఒక్క కుర్చీ లేదు. 2019లో వచ్చిన ఆటగాళ్ల సంఘం రిటైరైన వాళ్లది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు 50 శాతం రావడం వాళ్లు అత్యాశాపరులు కావడం వల్ల కాదు, 1964లో 20 మంది ఒక గదిలోంచి బయటికి రాకపోవడం వల్ల. అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో కూడా పోరాటం జరిగింది దీని కోసమే. 2025 జూలైలో ఇండియానాపోలిస్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లంతా తమకు బాకీ ఉన్నది చెల్లించమని రాసిన టీషర్టులు వేసుకుని వచ్చారు. రెండేళ్లకు ముందే తమ ఒప్పందంలోంచి బయటికి వచ్చే నిర్ణయం వాళ్లదే, 2024లో.

ఇక చివరి ప్రశ్న, మళ్లీ వస్తుందా అన్నది.

2011 తర్వాత రెండు ఒప్పందాలు గొడవ లేకుండా కుదిరాయి, 2017లో అమల్లోకి వచ్చినదొకటి, 2023ది ఒకటి. కారణం సింపుల్‌గా డబ్బు. 2014లో తొమ్మిదేళ్లకు 2,400 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం, 2024లో పదకొండేళ్లకు దాదాపు 7,600 కోట్లు. పెరిగే డబ్బు దగ్గర తగువులు తక్కువ. అయితే మొదటి ఒప్పందం డబ్బు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఓనర్లు మళ్లీ ఒకరిని చూసి ఒకరు భయపడ్డారు. 2016లో క్యాప్ 7 కోట్ల నుంచి 9.4 కోట్లకు దూకింది. మెల్లగా పెంచుదామన్న లీగ్ ప్రతిపాదనను సంఘం ఒప్పుకోలేదు. ఆ దూకుడుతో దొరికిన ఖాళీలోకి గోల్డెన్ స్టేట్ కెవిన్ డ్యురాంట్‌ను తెచ్చుకుంది. ఆ జట్టు బలం చూశాక మిగతావాళ్లు ఊరుకుంటారా? 2023 ఒప్పందంలో “రెండో ఏప్రన్” అని క్యాప్‌కు పైన ఇంకో గీత వచ్చింది. జీతాల మొత్తం ఆ గీత దాటితే, ఎక్కువ ఖర్చు పెట్టినందుకు లీగ్‌కు కట్టే పన్నుతో ఆగదు. ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ట్రేడ్ చెయ్యలేరు, భవిష్యత్తు డ్రాఫ్ట్ హక్కు స్తంభించిపోతుంది, మినహాయింపులు పోతాయి. 2024లో టైటిల్ గెలిచిన బోస్టన్, ఏడాది తిరిగేసరికి జ్రూ హాలిడేను, పోర్జింగిస్‌ను వదులుకోవాల్సి వచ్చింది. ఇది మాటల్లో లేని హార్డ్ క్యాపే, అంటే దాటడానికి వీల్లేని పరిమితే. 1998లోనూ 2011లోనూ ఓనర్లు అడిగి పూర్తిగా సాధించలేకపోయినదాన్ని ఈసారి లాకౌట్ లేకుండానే సంఘం ఇచ్చేసింది. నా దృష్టిలో 2023లో సంఘం చేసిన పెద్ద పొరపాటు అదే. దాని భారం తారల మీద పడదు. 80 లక్షలో కోటిన్నరో తీసుకునే ఆరో, ఏడో ఆటగాడి మీద పడుతుంది, ఎందుకంటే గీత కిందికి రావడానికి జట్టు ముందు కోసేది అతన్నే.

2023 ఒప్పందం 2029-30 సీజన్ దాకా ఉంది. ఒక ఏడాది ముందే బయటికి వచ్చే హక్కు రెండు వైపులా ఉంది. టీవీ డబ్బు 2036 దాకా ఖాయం కాబట్టి మొత్తం సీజన్ పోయేంత గొడవ వస్తుందని నేననుకోను. కానీ చిన్న తాళం ఒకటి పడే అవకాశం ఉంది, దానికి కారణం స్థానిక టీవీ. అప్పట్లో చాలా జట్ల మ్యాచ్‌లు చూపించిన డైమండ్ స్పోర్ట్స్ అనే టీవీ కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది. దానితో చిన్న ఊళ్ల జట్ల ఆదాయంలో పెద్ద బొక్క పడింది, పెద్ద ఊళ్ల జట్లకు అంత దెబ్బ తగల్లేదు. ఓనర్ల మధ్య దూరం మళ్లీ పెరుగుతోంది. 2028లో “జీతాలు భరించలేకపోతున్నాం” అన్న మాట వినపడటం మొదలైతే, ముందు ఓనర్లు ఆదాయ పంపకం గురించి తమలో తాము ఏం తేల్చుకున్నారో చూడండి. అది తేల్చుకోకుండా ఆటగాళ్ల వాటా మీదికి వస్తే, 2011 లెక్కే మళ్లీ మొదలైందని అర్థం.